ఏ రంగూ లేని తోకరెక్క

మా ఆయన యేసురత్నం కళ్లు మూసుకుని ప్రార్థన చేయలేకపోయేవాడు. మూసుకుంటే పడిపోతాడు. జమ్మలమడుగు చర్చిలో అందరూ తల వంచి కళ్లు మూసుకున్నప్పుడు ఆయన ఒక్కడే ముందు బెంచీని రెండు చేతులా పట్టుకుని, ఎదురుగోడ మీది సిలువను రెప్ప వేయకుండా చూస్తూ నిలబడేవాడు. కొత్తగా వచ్చిన పాస్టరుగారు ఒక ఆదివారం ఆయన్ని ఆపి అడిగారు.

"దేవుని ముందర కూడా కండ్లు దించవేం రత్నం?"

"దించితే కింద పడతానయ్యా. పడినోన్ని లేపేది మళ్లా దేవునికే పని."

పాస్టరుగారు నవ్వలేదు. నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను.

ఆయన పుట్టుకతో అట్లా లేడు. మా పెళ్లయిన కొత్తలో పులివెందుల దగ్గర ఒక రైతు కింద ట్రాక్టరు తోలేవాడు. పల్లెల్లో పగటిపూట కూడా తలుపులు గడియ వేసుకుని ఉండే రోజులవి. ఎవరికి ఎవరి మీద పగో మాకెందుకు? మేము ఆ పక్కా కాదు, ఈ పక్కా కాదు. ఒకనాడు ఆయన శెనక్కాయ బస్తాలు వేసుకుని మిల్లుకు పోతున్నాడు. ఎదురుగా వచ్చే జీపు మీదికి ఎవరో చేను గట్టు మీది నుంచి నాటుబాంబు విసిరారు. అది జీపుకు తగల్లేదు. ట్రాక్టరు ముందు చక్రం పక్కన పడి పేలింది. ఒంటి మీద చెప్పుకోదగ్గ గాయం లేదు. కుడిచెవి పూర్తిగా పోయింది, ఎడమచెవి సగం మిగిలింది. మనిషి చెవి లోపల త్రాసు ముల్లు మాదిరి ఒకటి ఉంటుందని, మనం నిటారుగా ఉన్నామా ఒరిగామా అని చెప్పేది అదేనని, ఈయనకు రెండు పక్కలా అది పాడైపోయిందని డాక్టరమ్మ నాకు చెప్పింది.

ఆసుపత్రికి రెండు పక్కల వాళ్లూ వచ్చారు. ముందు జీపు మనుషులు వచ్చారు.

"ఎవరేసినారో నువ్వు సూసినావు. పేర్లు చెప్పు సాలు."

తర్వాత అవతలి మనుషులు వచ్చారు.

"నువ్వేం సూల్యా. సూల్యా అనే చెప్పు."

ఇద్దరికీ ఆయన ఒకటే జవాబు చెప్పాడు. "నాకా సప్పుడే ఇనపల్యా సామీ. ఇప్పుడు మీరు చెప్తాండేది కూడా ఇనపల్యా."

వాళ్లు పోయినాక నా వైపు తిరిగి మెల్లగా, "మే దీవెనా, చెవుడు వచ్చింది ఒకందుకు మంచికేలే" అన్నాడు. ఆ చెవుడే మమ్మల్ని కాపాడింది. మంచం దిగగానే జమ్మలమడుగులో మా అమ్మ వాళ్ల ఇంటికి వచ్చేశాం.

నిలకడ మాత్రం తిరిగి రాలేదు. పగలు కళ్లతో చూసుకుంటూ నడుస్తాడు, అయినా అడుగు పక్కకు పడుతుంది. వీధిలో గోడలు తడుముకుంటూ పోతాడు. తెలియనివాళ్లకు తాగినట్టే కనిపిస్తాడు, తెలిసినవాళ్లు తెలిసి కూడా అంటారు. టీ అంగడి దగ్గర దినమూ ఎవడో ఒకడు మొదలుపెట్టేవాడు.

"ఏం రత్నం, పొద్దున్నే ఏసినావా?"

"ఏసినానప్పా. నీకు అడుగున రొంత పెట్టినా, పోయి తాగు."

అందరితో పాటు తనూ నవ్వేవాడు. చుక్క కూడా ముట్టిన మనిషి కాదు. ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తూ, గోడకు చెయ్యి ఆనించి, నాతో అనేవాడు. "ఒక్కసారి మే. నలుగురి ముందర తూలకుండా నిలబడాల. ఒక్కసారి సూస్తే సాలు వాళ్లు. ఇంకేం అడగను దేవున్ని." పిల్లలు లేని ఇల్లు మాది. నేను దేవున్ని వేరే ఏవేవో అడిగేదాన్ని. ఆయన అడిగింది ఇదొక్కటే.

మైలవరం డ్యామ్ దగ్గర బోటింగు పెట్టినప్పుడు ఆయనకు అక్కడ పని దొరికింది. వచ్చినవాళ్లకు లైఫ్ జాకెట్లు కట్టడం, పడవలు కడగడం. మా పక్క ప్రభుత్వం మారితే బోటింగు కాంట్రాక్టరు మారతాడు. కాంట్రాక్టరు మారితే పడవల రంగు, టికెట్టు గది రంగు, చెత్తబుట్టల రంగు కూడా మారతాయి. పనివాళ్లు మారతారు. ఈయన్ని మాత్రం ఎవరూ తీసేయలేదు. ఏ మీటింగుకూ పోడు, ఎవరి జెండా పట్టుకోడు. ఎన్నికలప్పుడు రెండు పార్టీల వాళ్లూ మెడలో వేసిన కండువాలు తెచ్చి ఒకే సంచిలో పెట్టుకుని, వాటితో పడవలు తుడిచేవాడు. "ఈ గుడ్డ నీళ్లు బాగా పీలుస్తాది" అనేవాడు. ఏ రంగు గుడ్డ అని నేను ఇక్కడ రాయను. ఏ రంగు రాసినా ఎవరో ఒకరు ఇంటికి వచ్చి అడుగుతారు.

అక్కడే పడవ నడిపే నూర్ అహ్మద్‌ది ప్రొద్దుటూరు. కొన్నాళ్లు గోవాలో సముద్రం మీద పని చేసి వచ్చాడు. మా ఆయన కంటే బాగా చిన్నవాడు. ఒకరినొకరు మామా, అల్లుడా అని పిలుచుకునేవాళ్లు, ఆ వరసన నేను అత్తనయ్యాను. నూర్ వస్తూ వస్తూ గోవా నుంచి ఒక పలక తెచ్చాడు. మనిషి నిలబడేంత పలక. దాని అడుగున నడుమెత్తు కడ్డీ, కడ్డీ కొనకు ఒక చిన్న దూలం, దూలానికి ముందు చేటంత రెక్క, వెనక అట్లకాడంత రెక్క. పడవకు తాడు కట్టి లాగితే, నీళ్ల లోపలి రెక్కలు పలకను పైకి లేపుతాయి. రెక్కలు నీళ్లలో ఉంటాయి, పలకా మనిషీ గాలిలో ఉంటారు. మొదటిసారి ఇంకొకడు పడవ నడుపుతుంటే నూర్ దాని మీద పోవడం చూసి నేను సిలువ గుర్తు వేసుకోబోయాను, మా వాళ్లలో ఆ అలవాటు లేకపోయినా.

మా ఆయన చూసి వేరేగా అనుకున్నాడు. ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని తినకుండా చెప్పాడు.

"ఆడ పట్టుకునేదానికి గోడ లేదు మే. ఎవనికీ లేదు. ఆడ నిలబడినోడు అందరి మాదిరే, నా మాదిరే."

"నేల మీద నిలబడలేవు, నీళ్ల మీద నిలబడతావా?"

"నేల మీద కండ్లు కాళ్ల కాడికి పోతాయి. ఆడ దూరంగా కొండ తల సూసుకుంటా ఉంటా. సిలువను సూస్తా కదా, అట్ల."

నూర్ మొదట ఒప్పుకోలేదు. తర్వాత ఒక షరతు పెట్టాడు. "నీళ్లలో పడితే కాలు సెయ్యి ఆడించొద్దు మామా. నీకు పైన ఏదో కింద ఏదో తెలీదు. సచ్చినోని మాదిరి ఉండు. జాకెట్టే నిన్ను లేపుతాది." ఆయన సరే అన్నాడు. చూడవచ్చేవాళ్లు రాకముందు, పొద్దున్నే నేర్చుకునేవాళ్లు. ముందు మోకాళ్ల మీద, తర్వాత ఒక కాలి మీద. నిలబడబోయే సమయానికి పలక ముందు భాగం ఎగిరేది, వెంటనే కిందికి గుచ్చుకునేది. పడేవాడు. సచ్చినోని మాదిరి ఉండేవాడు. జాకెట్టు లేపేది. నవ్వుతూ తేలేవాడు.

"కొత్తగా కాడి కట్టిన కోడె మాదిరి ఉండాది అల్లుడా, ఇది."

"నీ తప్పు కాదు మామా. వెనక రెక్క చిన్నది. తోక చిన్నదయితే పరుగు ఎక్కువ, తిప్పినట్లు తిరుగుతాది. నిలకడ తక్కువ. నీకు పెద్ద తోక కావాల."

కొత్తది తెప్పించే దారి మాకు తెలియదు. నూర్ ప్రొద్దుటూరులో తన చిన్నాయన లాల్ బాషా దగ్గరికి తీసుకుపోయాడు. లాల్ బాషా ఆటోలకు, బస్సులకు ఫైబరు పనులు చేస్తాడు. నేనూ వెంట పోయాను, రోడ్డు దాటేటప్పుడు ఆయన చెయ్యి పట్టుకోవడానికి. షాపులో ఫైబరు జిగురు వాసనకు కళ్లు మండుతున్నాయి. లాల్ బాషా ఆ చిన్న నల్ల రెక్కను అటూ ఇటూ తిప్పి చూసి, అంచు మీద బొటనవేలు నడిపి, మా ఆయన్ని అడిగాడు.

"నీకు పరుగు కావాల్నా, నిలకడ కావాల్నా?"

"నిలకడన్నా."

"గట్టిగా ఆలోచించు. గాలిపటానికి తోక పొడుగు పెడితే గింగిరాలు కొట్టదు. కానీ పైకి పోయేదానికి మారాం చేస్తాది. రెండూ కావాలంటే ఆ అల్లా కూడా చేయలేడు."

"పైకి పోకపోయినా పర్వాల్యా. నేను యాడికీ పోను. నిలబడితే సాలు."

లాల్ బాషా అట్టముక్క మీద ఒక ఆకారం గీసి కత్తిరించాడు. నూర్ చాలదన్నాడు. ఇంకొంచెం పెద్దది గీశాడు. మరీ పెద్దదయితే పలక లేవనే లేవదని, ముందు రెక్కను ఇది తొక్కిపెడుతుందని ఇద్దరూ వాదులాడుకున్నారు. ఆఖరుకు మూరకు రెండు వేళ్లు తక్కువగా ఒక అట్టను మా ఆయన చేతిలో పెట్టారు. ఆయన దాన్ని రెండు చేతుల మీదా బల్లపరుపుగా పెట్టుకుని, కొత్తగా పుట్టిన బిడ్డను చూసినట్టు చూశాడు. "ఇదే" అన్నాడు.

టేకు చెక్క మీద ఫైబరు వేసి లాల్ బాషా ఆ రెక్క చేశాడు. అప్పటి కాంట్రాక్టరు అది విని, బోటింగులో ఉండే ప్రతి వస్తువుకూ తమ పార్టీ రంగు ఉండాలన్నాడు. పైపూత నీళ్లకు ఊడిపోతుందని లాల్ బాషా ఆ రంగును జిగురులోనే కలిపాడు. నీళ్ల అడుగున ఉండే రెక్కకు రంగెందుకని ఎవరూ అడగలేదు. మా పక్క అట్లాంటివి ఎవరూ అడగరు.

పెద్ద తోక పెట్టినాక పలక మాట వినింది. మెల్లగా లేచేది, ముసలెద్దు మాదిరి తల ఆడించకుండా పోయేది. ఒక పొద్దున నన్ను రమ్మన్నారు. గట్టు మీద నేనొక్కదాన్నే ఉన్నాను. నూర్ పడవ కదిలింది, తాడు బిగిసింది. మా ఆయన ముందు మోకాళ్ల మీద ఉన్నాడు, తర్వాత ఒక కాలు, తర్వాత రెండు కాళ్లు. పలక నీళ్లను విడిచింది. ఆయన కొండ తల చూస్తూ నిలబడ్డాడు. చప్పుడు లేదు. నీళ్ల మీద ఒక సన్నని గీత, దాని పైన మనిషి. పెళ్లినాడు నా పక్కన ఎట్లా నిలబడ్డాడో అట్లా నిటారుగా నిలబడ్డాడు. నేను చూసి ఎన్నేళ్లయింది ఆ వీపును.

గట్టుకు వచ్చినాక, "సూసినావా?" అని అడిగాడు.

"సూసినా."

"ఇంక ఊరు సూడాల."

అప్పుడే ఎన్నికలు వచ్చాయి, ప్రభుత్వం మారింది. బోటింగు ఆదినారాయణ అనే రైతుకు వచ్చింది. కొత్త పార్టీలో ముందు నుంచీ తిరిగిన మనిషి. చెడ్డవాడని చెప్పను. పడవలకు కొత్త రంగు వేయించి, తమ నాయకుడి చేత బోటింగు మళ్లీ తెరిపించే కార్యక్రమం పెట్టుకున్నాడు. పలక సంగతి విని సంబరపడ్డాడు. "నాయకుడు జెండా ఊపుతానే మన రత్నం నీళ్ల మీద లేసి పోవాల. జమ్మలమడుగంతా వస్తాది సూసేదానికి" అన్నాడు. పాత పనివాళ్లు పోయారు. పలకను లాగడం తెలిసినవాడని నూర్‌ను పడవ నడపడానికి ఉంచుకున్నారు, కాబట్టి పలక మీద నిలబడేది మా ఆయనే. ఆ వారమంతా ఆయన టీ అంగడికి పోయి మరీ వాళ్ల చేత మాటలు పడి వచ్చాడు. "అననీలే మే, ఇంక రొన్నాళ్లే గదా" అనేవాడు.

ఆ రోజు గట్టంతా జనం. పూజ కోసం పలకను బల్ల మీద బోర్లా పెట్టారు, రెక్కలు పైకి. నాయకుడు వచ్చి రెక్కకు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టాలి. ఆదినారాయణ నిమ్మకాయలు తెచ్చి పెడుతూ తోకరెక్కను చూశాడు. చూసి నిలువునా ఆగిపోయాడు.

"ఏందిది? వాళ్ల రంగు గదరా ఇది! దీనికి మా నాయకుడు కుంకుమ పెట్టాల్నా? ఫోటోలు తీస్తారు, నా బతుకు ఏం గావాల?"

నూర్ ఉప్పుకాగితం తెచ్చి రుద్దాడు. జిగురులో కలిపిన రంగు, రుద్దేకొద్దీ లోపల నుంచి అదే రంగు వచ్చింది. పైన వేరే పెయింటు కొడదామంటే ఆరే సమయం లేదు. నూర్ ఇంకో దారి చెప్పాడు.

"పూజకు పాత చిన్న రెక్క బిగిద్దామప్పా, అది నల్లది. పూజ అయినాక పెద్దది మార్చుకుందాం."

"పూజ అయితానే జెండా ఊపుతాడు. నువ్వు పానా పట్టుకుని కూసుంటే ఆయన నిలబడుకుంటాడా? ఒకవేళ పడినాడనుకో, పలక తిరగబడతాది. అందరి ముందరా వాళ్ల రంగు పైకి లేస్తాది. అదంతా వద్దు."

"అయితే ఆట వద్దు. చిన్న రెక్క మామకు ఆగదు. నేను లాగను."

ఆదినారాయణ మా ఆయన వైపు చూశాడు. "నీ ఇష్టం రత్నం. నేను బలవంతం చేయను. వద్దంటే వద్దు."

మా ఆయన జనం వైపు చూశాడు. టీ అంగడి వాళ్లు ముందు వరసలోనే ఉన్నారు. ఆయన రెండు రెక్కలనూ రెండు చేతుల్లో పట్టుకుని చూశాడు. పెద్దదాన్ని మెల్లగా గోనెపట్ట మీద పెట్టాడు.

"చిన్నదే బిగించు అల్లుడా. ఆ రంగు మీద నిలబడితే వాళ్ల మనిషి అంటారు. ఈ రంగు పూసుకుని నిలబడితే వీళ్ల మనిషి అంటారు. ఈ నల్లదానికి ఎవరూ లేరు. నా మాదిరే."

"నిలకడ లేదు మామా దానికి!"

"నాకు మాత్రం ఉండాదా? నిలబడల్యా, ఇన్నేండ్లు?"

నూర్ తల అడ్డంగా ఊపుతూనే పానా అందుకున్నాడు. నేను దగ్గరికి పోయి మా ఆయన చొక్కా పట్టుకున్నాను. "వద్దయ్యా" అన్నాను. "రొంచేపే మే" అన్నాడు. జాకెట్టు బకిల్ నా చేతే పెట్టించుకున్నాడు.

కుంకుమ పెట్టారు, టెంకాయ కొట్టారు, జెండా ఊపారు. పడవ కదిలింది. ఆయన మోకాళ్ల మీద నుంచి లేచాడు. పలక నీళ్లను విడిచింది. నిలబడ్డాడు. ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు. టీ అంగడి వాళ్లలో ఒకడు, "అరె, నిలబడినాడురా!" అన్నాడు. ఆ మాట నేను విన్నాను. ఆయనకు వినపడి ఉండదు.

ఆ మాట పూర్తయ్యేలోపే పలక ముక్కు ఎగిరింది. కిందికి గుచ్చుకుంది. ఆయన తలకిందులుగా నీళ్లలోకి పోయాడు. పలక తిరగబడి నల్ల రెక్క పైకి లేచింది.

సచ్చినోని మాదిరి ఉండాలని ఆయనకు తెలుసు. ఎన్నిసార్లు పడలేదు! కానీ ఆ రోజు జనం చూస్తున్నారని, తొందరగా లేవాలని, కాళ్లూ చేతులూ ఆడించాడు. జాకెట్టు పైకి లాగుతుంటే, అది తనను కిందికి లాగుతోందనుకుని దానితో పెనుగులాడాడు. ఇది నూర్ చెప్పిన మాట. దూకి పట్టుకున్నది అతనే. గట్టు మీదికి తెచ్చినప్పుడు ప్రాణం ఉంది. నీళ్లు కక్కి, లేచి నిలబడబోయి, తూలి నా మీద పడ్డాడు.

వెనక నుంచి ఎవరో అన్నారు. "ఈ రోజన్నా తాగకుండా రాలేకపోయినాడా!"

నూర్ తడిబట్టలతో వాళ్ల మీదికి పోయాడు. "ఎవడ్రా అన్నది? బాంబు మీరేసుకుంటారు, చెవులు ఈయప్పవి పోతాయి. ఇప్పుడు తాగినోడా?" ఆదినారాయణ అతన్ని పట్టుకుని పక్కకు లాక్కుపోయాడు. అప్పటికే మైకులో ఉపన్యాసం మొదలైంది.

నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయాయి. దగ్గు పట్టింది, జ్వరం పట్టింది. ఆసుపత్రికి తీసుకుపోయాం, తెచ్చాం, మళ్లీ తీసుకుపోయాం. మనిషి మంచానికి కరుచుకుపోయాడు. ఒకనాడు నూర్ ఆ పెద్ద రెక్కను గోనెపట్టలో చుట్టుకుని ఇంటికి తెచ్చాడు. ఆయన దాన్ని గుండెల మీద పెట్టించుకుని అంచు తడిమాడు.

"ఇది ఉండింటే నిలబడేటోన్ని కదా అల్లుడా."

"నిలబడినావు మామా. నేను సూసినా. అత్త సూసింది."

"నలుగురు సూల్యా" అన్నాడు. ఆ తర్వాత ఆయన రెండు మూడు మాటల కంటే ఎక్కువ మాట్లాడింది లేదు. వానలు మొదలయ్యే ముందు పోయాడు.

సమాధుల తోటకు చాలామంది వచ్చారు. మోసే నలుగురిలో నూర్ ఒకడు. నేల ఎగుడుదిగుడుగా ఉంది, పెట్టె అటూ ఇటూ ఊగింది. "మెల్లగా, తూలుతాండాడు" అని నా నోటి నుంచి వచ్చింది. టీ అంగడి వాళ్లు తల దించుకున్నారు.

పెట్టెను గుంత పక్కన దించినాక ఆదినారాయణ ముందుకు వచ్చాడు. చేతిలో మడత విప్పని కండువా ఉంది.

"మన బోటింగు మనిషి గదా దీవెనమ్మా. మర్యాదగా కప్పుదాం."

"వద్దప్పా."

"గౌరవానికేమ్మా."

"ఆయప్ప ఈ గుడ్డలతో పడవలు తుడిచినాడు. ఇప్పుడు తుడిచేదానికి ఏం లేదు."

అంతమంది మగవాళ్ల ముందు నేను అంత మాట అనడం అదే మొదలు. ఆదినారాయణ కోపగించుకోలేదు. కండువాను జేబులో పెట్టుకుని, చెప్పులు విడిచి, ఒక పక్కన నిలబడ్డాడు. చివరిదాకా ఉన్నాడు.

నూర్ పెద్ద రెక్కను పెట్టెలో పెడతానన్నాడు. వద్దన్నాను. ఇంకెవరికైనా నిలబడాలని ఉంటే దానితోనే నేర్పించమన్నాను.

పాస్టరుగారు బైబిలు మూసి, అందరినీ ప్రార్థనకు కళ్లు మూసుకోమన్నారు. అందరూ తలలు వంచారు. నేను పెట్టె అంచును రెండు చేతులా పట్టుకుని, దూరాన కొండ తలను చూస్తూ నిలబడ్డాను.